గిడుగు రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 – 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, ఉపాధ్యాయుడు, వ్యావహారిక భాషోద్యమ సారథి. ఆయన జన్మస్థలం శ్రీకాకుళం సీమ అయినా, ఉద్యమంలోని ముఖ్య ఘట్టాలు అనేకం గోదావరి మండలంలో జరిగాయి. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు.

తొలి జీవితం

శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. శ్రీముఖలింగ క్షేత్రంలోని శాసనాలను చదవడం స్వయంకృషితో నేర్చుకున్నాడు. సవరల భాషను అభ్యసించి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు.

పాత వ్రాత, కొత్త నోరు

ఆనాటి పాఠ్యగ్రంథాలు చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని (1858) ప్రమాణంగా తీసుకునేవి. విద్యార్థి వాఁడు, ఏఁడు వంటి మాటలలో అరసున్నను, చెఱువు, గుఱ్ఱము వంటి మాటలలో బండి ఱను తప్పక వ్రాయాలి. అరసున్న లేకపోతే సంవత్సరమనే అర్థమున్న ఏఁడు, సంఖ్యావాచకమైన ఏడుగా మారిపోతుంది.

అరసున్న ఒకప్పటి నిండుసున్నకు సంక్షిప్త రూపం. పద్యంలో దానికి ప్రయోజనముంది. అతండు అన్నప్పుడు రెండవ అక్షరం గురువు, అతఁడు అన్నప్పుడు లఘువు. కవి తన ఛందస్సుకు తగినదాన్ని ఎన్నుకునేవాడు. ఆంగ్ల కవులు ఓవర్‌ను ఓర్‌గా, నెవర్‌ను నేర్‌గా కుదించి, లోపించిన అక్షరానికి గుర్తుంచడం ఇటువంటిదే. అయితే ఆంగ్ల విద్యార్థి ఆ రూపాలను పద్యంలో చదివితే చాలు. తెలుగు విద్యార్థి మాత్రం నోట పలకని భేదాలను గద్యంలోనూ కంఠస్థం చేసి వ్రాయవలసివచ్చింది.

గోదావరి మండలంలో ఉద్యమం

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గ్రాంథికంలో విస్తారంగా రచనలు చేసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడు కావడం విశేషం. మూడు నెలలలోనే, మే 27న, వీరేశలింగం మరణించాడు. 1919-20లలో రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను నడిపాడు.

గ్రాంథిక పక్షానికి నాయకుడైన జయంతి రామయ్య పంతులు కోనసీమలోని ముక్తేశ్వరం వాస్తవ్యుడు. ఆయన 1911లో స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1924లో కాకినాడలో వ్యావహారిక భాషపై నిషేధాన్ని తొలగించింది. 1925లో తణుకు సభలో రామమూర్తి నాలుగు గంటలపాటు ప్రసంగించి, పూర్వగ్రంథాల నుండి ప్రయోగాలను చూపాడు. గ్రాంథిక నియమాలను పండితులే పాటించలేకపోతున్నారని ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అనే గ్రంథంలో నిరూపించాడు. పెద్దలకే పట్టుబడని నియమాన్ని పిల్లలపై రుద్దరాదన్నది ఆయన వాదానికి ప్రాణం.

చివరి రోజులు

1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం జరిగింది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అందుకు సమ్మతించని రామమూర్తి ముందురోజే ఇల్లు విడిచి రాజమహేంద్రవరం చేరి, శేషజీవితం అక్కడే గడిపాడు.

అరసున్న, బండి ఱ నేటికీ అక్షరమాలలో ఉన్నాయి. పాత కావ్యాలు చదివేవారికి వాటి జ్ఞానం అవసరమే. రామమూర్తి ప్రాచీన సాహిత్యానికి విరోధి కాడు. తన వాదానికి ఆధారాలను ఆయన శాసనాలలో, పూర్వకవుల ప్రయోగాలలోనే వెదికాడు.