కంచంలోని ఆరోగ్యం

హైదరాబాదు తూర్పు భాగాన గల ఉప్పల్, చిల్కానగర్, నాచారం వాసులకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సుపరిచితమే. దేశ ప్రజలు ఏమి తింటున్నారో, ఏమి తినవలెనో శాస్త్రీయంగా పరిశోధించే ఈ సంస్థ మొదట హైదరాబాదులో పుట్టలేదు. నేటి తమిళనాడులోని కూనూరులో, 1918లో, ఒకే ఒక గదిలో ప్రారంభమైంది. దానికి ఆద్యుడు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్.

మెక్‌కారిసన్ 1878 మార్చి 15న ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించాడు. బెల్‌ఫాస్టులో వైద్యవిద్య పూర్తిచేసి, 1901లో భారత వైద్య సేవలో చేరి మన దేశానికి వచ్చాడు. వాయవ్య సరిహద్దులోని చిత్రాల్, గిల్గిట్ ప్రాంతాలలో పనిచేస్తూ అక్కడి ప్రజలను పీడించే గొంతువాపు వ్యాధి కారణాలను అన్వేషించాడు. అందుకోసం అనుమానాస్పదమైన నీటి మడ్డిని తానే తాగి పరీక్షించుకున్న సాహసి ఆయన. ఆ వ్యాధికి ప్రధాన కారణం అయోడిన్ లోపమని తరువాతి కాలంలో రుజువైంది. అయినా, ప్రజల నిత్యజీవితంలోనే రోగమూలాన్ని వెదకే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఆయన కూనూరులోని పాశ్చర్ సంస్థలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించాడు. ఈ వ్యాధి సోకినవారికి కాళ్లు తిమ్మిరెక్కి, కండరాలు క్షీణించి, చివరకు గుండె దెబ్బతినేది. ఆనాటి మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా తెలుగువారు నివసించే ఉత్తర సర్కారు జిల్లాలలో, ఇది తీవ్రంగా ఉండేది. మరపట్టిన తెల్లని బియ్యం తిన్న కోళ్లకు ఇటువంటి జబ్బే వస్తుందని డచ్చి వైద్యుడు ఐక్‌మన్ జావాలో అంతకుముందే గమనించాడు. మెక్‌కారిసన్ పావురాలకు అటువంటి బియ్యాన్నే పెట్టి, పోషకలోపం నరాలనే గాక పేగులను, గ్రంథులను కూడ చెడగొడుతుందని తెలిపాడు. తవుడులోనూ, బియ్యపు మొలకభాగంలోనూ ఉండే బి1 విటమిన్ మరపట్టడంలో పోతుంది. మిగిలిన కొద్దిపాటి విటమిన్ కూడ పలుమార్లు కడగడం వల్ల, గంజి వార్చడం వల్ల నష్టమవుతుంది. దంపుడు బియ్యంలోనూ, ఉప్పుడు బియ్యంలోనూ అది చాలవరకు నిలిచి ఉంటుంది.

ఇంతలో 1923లో ప్రభుత్వం వ్యయం తగ్గించే నెపంతో ఈ పరిశోధనను నిలిపివేసింది. మెక్‌కారిసన్ నిరుత్సాహపడలేదు. 1925లో పరిశోధన తిరిగి మొదలైంది. దేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఆయన వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి చూశాడు. ముడిగోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్నవి ఆరోగ్యంగా ఎదిగాయి. తెల్లని బియ్యమే ప్రధానంగా తిన్నవి బలహీనంగా మిగిలాయి. ప్రాంతభేదం కన్నా పాలు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యం కొరవడటమే ఇందుకు కారణమని ఆయన గ్రహించాడు.

ఈ జ్ఞానం ప్రయోగశాలకే పరిమితం కారాదని భావించి, 1928లో పాఠశాలల, కళాశాలల విద్యార్థుల కోసం ఆహారంపై ఒక చిన్న పుస్తకం రచించాడు. 1933లో సర్ బిరుదు పొందాడు. 1935లో పదవీ విరమణ చేసి, 1960 మే 18న ఆక్స్‌ఫర్డులో కన్నుమూశాడు. ఆయన స్థాపించిన ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది.

కాలం మారింది. బెరిబెరి దాదాపు కనుమరుగైంది. ఊబకాయం, మధుమేహం, రక్తపోటు నేటి సమస్యలయ్యాయి. రోగాలు మారినా, వాటి మూలం కంచంలోనే ఉండవచ్చునన్న మెక్‌కారిసన్ భావన మారలేదు. కంచంలో సగభాగం కూరగాయలు, పండ్లు ఉండాలనీ, రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదనీ ఆ సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు సూచించాయి.

అలవాట్లు ఒక్క రోజులో మారవు. ఒక్కసారిగా అన్నీ మానివేసినవారు వారం తిరగకముందే పాత దారి పట్టడం సహజం. ఒక పూట ముతక బియ్యమో జొన్నరొట్టెయో తినడం, ఊరగాయ కొంత తగ్గించి ఆకుకూర కొంత పెంచడం, శీతల పానీయానికి బదులు మజ్జిగ తాగడం ఎవరికైనా సాధ్యమే. ఒక మార్పు నాలుకకు అలవడిన తరువాత మరొకటి చేర్చుకోవచ్చు. తవుడు పొర ఎంతో పలుచనిది. అంత పలుచని పొర ఉండటమా, పోవడమా అన్నదే వేలాది మందికి జీవన్మరణ సమస్య అయిందని గుర్తుంచుకుంటే, ఏ చిన్న మార్పునూ అల్పమని భావించలేము.