చివర కనిపించిన పేరు

మాది మార్కాపురం. పలకల ఊళ్లో పుట్టినదాన్ని కదా, లెక్క అనగానే నాకు పలకే గుర్తొస్తుంది. చిన్నప్పుడు మధ్య మెట్లన్నీ మనసులోనే చేసేసుకుని పలక మీద జవాబొక్కటే వేసేదాన్ని. ఒప్పయితే సరే. తప్పయిందో, ఎక్కడ తప్పానో మా పంతులమ్మకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. అంతా తుడిపించి, ఒక్కో మెట్టూ రాయమనేవారు.

మొన్న సంక్రాంతికి గిద్దలూరు వెళ్లినప్పుడు మా ఆడపడుచు కూతురు చెప్పిన సంగతి విని ఆ పలకే గుర్తొచ్చింది. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం తనది. ఏదో ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ కుప్పకూలిందట. అలా కూలినప్పుడు ఏ భాగం దేన్ని పిలిచిందో, ఆఖరికి ఎక్కడ ఆగిందో వరసగా చూపే జాబితా ఒకటి వస్తుంది. దాన్ని బ్యాక్‌ట్రేస్ అంటారట. అందులో చివరి పేరు ఇది రాసిన భాగానిది. ఇంకేముంది, తప్పు దీనిదేనన్నారు! మూడు రోజులు పిల్లకి అన్నం సయించలేదు.

అది విన్నప్పుడే గ్రేస్ హాపర్ గుర్తొచ్చారు. 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారావిడ. ఏడేళ్లప్పుడు అలారం గడియారం లోపల ఏముందో చూద్దామని, ఒకదాని తర్వాత ఒకటి ఇంట్లోని ఏడింటినీ విప్పేశారు. ఇకమీదట ఒక్కదానితో సరిపెట్టుకోమంది వాళ్లమ్మ. 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. యుద్ధం రోజుల్లో నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టు విడవకుండా 1943 చివర్లో చేరారు. హార్వర్డ్‌లో మార్క్ 1 అనే భారీ లెక్కల యంత్రం దగ్గర వేశారు.

1947 సెప్టెంబరు 9న అక్కడి మార్క్ 2 యంత్రం మొరాయించింది. వెతగ్గా వెతగ్గా ఒక మీటలో రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది! దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. ఆ పుస్తకం ఇప్పుడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉంది. పురుగును పట్టిందీ, ప్రోగ్రాముల్లో తప్పుకు 'బగ్' అని పేరు పెట్టిందీ హాపరేనని చాలామంది అనుకుంటారు. నిజానికి పట్టింది ఆవిడ తోటివాళ్లు. ఆ మాట అంతకు చాలా ముందే, ఎడిసన్ కాలం నుంచే ఇంజనీర్ల నోట నలుగుతోంది. ఆవిడ చేసిందల్లా ఆ కథను ఊరూరా చెప్పడం. చివర వినిపించిన పేరుకే మనం అంతా అంటగడతాం, చూశారా!

ఆవిడ నిజంగా చేసిన పని వేరే ఉంది. 1952లో ఎ-0 అనే కంపైలర్ తయారుచేశారు. ముందే రాసి పెట్టుకున్న ముక్కల్ని యంత్రమే ఏరుకుని ప్రోగ్రామ్‌గా కూర్చుకునేది. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాములు రాస్తుందా అని నమ్మలేదు చాలామంది. తర్వాత ఆవిడ ఇంగ్లిషు మాటలతో ఆజ్ఞలిచ్చే ఫ్లో-మ్యాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్ భాషకు అదే ముఖ్యమైన ఆధారం.

ఆ తర్వాతి కంపైలర్లు ఇంకా తెలివి మీరాయి. మనం రాసింది యంత్ర భాషలోకి మార్చి ఊరుకోకుండా, వేగం కోసం అనవసరమైన మెట్లు తీసేస్తాయి. చిన్న భాగాల్ని పెద్దవాటిలో కలిపేస్తాయి. దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు. ఇందులో దారి చూపిన ఫ్రాన్ అలెన్ 2006లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి మహిళ. పని చకచకా అవుతుంది, నిజమే. కానీ మెట్లు మింగేశాక తప్పెక్కడో ఎలా తెలుస్తుంది? అచ్చం నా పలకలాగే!

మా పిల్ల విషయంలో జరిగిందదే. ఎవరో రాసిన చిన్న భాగాన్ని కంపైలర్ దీని భాగంలో కలిపేసింది. జాబితాలో ఆ పేరు మాయమై దీని పేరు మిగిలింది. ఏడుపు దిగమింగుకుని, ఏ వివరాలు ఇస్తే ప్రోగ్రామ్ కూలుతోందో వాటిని కుదించి కుదించి చిన్న ఉదాహరణ చేసుకుందట. ఆప్టిమైజేషన్ తీసేసి మళ్లీ కంపైల్ చేసి, అదే ఇచ్చింది. మళ్లీ కూలింది. ఈసారి అసలు పేరు బయటపడింది. ఒక్కోసారి ఆప్టిమైజేషన్ తీసేస్తే తప్పే దాక్కుంటుందట. అప్పుడు ఒక్కో ఫైలుకే తీసి చూసుకుంటూ పోవాలి. ఓపిక పని!

హాపర్ 1986లో, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆవిడ పేరుతో ఒక యుద్ధనౌకే ఉంది.

మర్నాడు మా ఆడపడుచు ఇంట్లో పులుసు ఉప్పుకషాయమైంది. వడ్డించింది నేను కాబట్టి అందరూ నా వైపే చూశారు. నేనేం తొణకలేదు. ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్దామన్నాను. రుచి చూసే నెపంతో వంటింట్లోకి వచ్చి ఇంకో చెంచా వేసింది మావారేనని తేలింది!