గడప దగ్గర నేర్చుకున్న వైద్యం

ఛత్రినాక వైపు బస్తీల్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నా, ఇంటి పెద్దాయనకు షుగర్ పెరిగినా ముందు గుర్తొచ్చేది వీధి చివరి డాక్టరే. ఇంటిల్లిపాదినీ ఎరిగిన అలాంటి వైద్యుల అవసరాన్ని గుర్తించే ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ల డీఎన్‌బీ శిక్షణ పెట్టారు. మాకు తెలిసిన ఒక యువతి ఛత్రినాకలో ఉంటూ, ఒక చిన్న ఆసుపత్రిలో ఆ శిక్షణ పొందుతోంది. తోటివాళ్లంతా గుండె డాక్టర్లు, ఎముకల డాక్టర్లు అవుతుంటే తాను మాత్రం దగ్గులు, జ్వరాలు చూస్తూ మిగిలిపోతున్నానని బాధపడింది. మధ్యలో మానేద్దామా అన్న ఆలోచనతో ఉన్నానని, తన కోసం ప్రార్థించమని కోరింది. ఆ రోజు ఆమెకు మేము చెప్పిన జీవితాన్నే ఈ వారం మీతో పంచుకుంటున్నాం. అది గుంటూరులో సేవ చేసిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితం.

అన్నా 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. స్త్రీలు డాక్టర్లు కావడమే వింతగా చూసే ఆ రోజుల్లో, 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల నుండి పట్టా పొందారు. ఆ తరువాత నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేరి, స్త్రీల విభాగంలో సహాయ వైద్యురాలిగా పనిచేశారు. ఆ విభాగానికి అధికారి డాక్టర్ ఆలిస్ బెనెట్. రోగులను కట్టి ఉంచే పద్ధతిని మాన్పించి, వారిని మనుషులుగా చూసిన వైద్యురాలు ఆమె. పుస్తకాల్లో దొరకని పాఠాలు ఇలాంటి పెద్దల చేతికింద దొరుకుతాయి. ఎలీషా కూడా మొదట ఏలీయా చేతుల మీద నీళ్లు పోసినవాడిగానే జనానికి తెలుసు కదా!

అక్కడ ఉండగానే గుంటూరులోని లూథరన్ మిషనరీ ఆడమ్ రో నుండి ఆమెకు ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలి అవసరం ఎంతో ఉందని దాని సారాంశం. పరదా చాటున ఉండే స్త్రీలు ఎంత జబ్బు పడినా మగ డాక్టరు ఎదుటికి రాని కాలమది. ఆమె సిద్ధపడ్డారు. కానీ పంపవలసిన మిషనరీ సమాజం మాత్రం డాక్టరును పంపడానికి సిద్ధంగా లేదు. జనానాల్లో స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిగా అయితే పంపుతామంది. చదివిన చదువేమిటి, ఇచ్చిన పనేమిటి? మనమైతే అలిగి ఇంట్లో కూర్చునేవాళ్లం. ఆమె మాత్రం 1883లో గుంటూరు చేరుకున్నారు.

పాఠాలు చెబుతూనే, తన దగ్గరున్న కొద్దిపాటి మందులతో వైద్యం మొదలుపెట్టారు. కొందరి ఇళ్లకు తానే వెళ్లేవారు, కొందరు తన ఇంటికి వచ్చేవారు. మొదటి ఏడాదిలోనే 400 మందికి పైగా రోగులను చూశారు. అయినా దారి సులువు కాలేదు. విదేశీయుల చేయి తగిలితే మైల అనుకునే ఇళ్లు అప్పట్లో ఎన్నో. ఆ ఇళ్ల గడప దగ్గర అవమానాన్ని ఓర్చుకుంటూ, నమ్మకాన్ని ఒక్కొక్క ఇంటిలో సంపాదించుకోవడమే ఆమె పొందిన రెండో శిక్షణ. దానికి పట్టా లేదు, గడువూ లేదు.

1885 డిసెంబరులో మిషనరీ సమాజం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. మొదట డిస్పెన్సరీ వచ్చింది. సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు కూడా ఆమె ఆసుపత్రి కోసం విరాళాలు కూడగట్టారు. చివరకు 1898 జూన్ 23న గుంటూరులో 50 పడకల ఆసుపత్రి ప్రతిష్ఠ జరిగింది. ఆమె ఈ ఊరు వచ్చి అప్పటికి 15 ఏళ్లు! ఏలూరు రాజావారు కృతజ్ఞతతో రోగుల బంధువులు ఉండేందుకు అక్కడ సత్రం కట్టించారు. నర్సు కేథరిన్ ఫాస్ ఆమెకు తోడై స్థానిక యువతులకు నర్సింగ్ నేర్పారు. ఒకనాడు చేతికింద నేర్చుకున్న డాక్టరు ఆసుపత్రి ఇలా పదిమందికి నేర్పే చోటు అయింది. 1930 జూలై 26న అన్నా గుంటూరులోనే కన్నుమూశారు. తరువాత ఆ ఆసుపత్రి కుగ్లర్ పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

ప్రభువు స్వస్థపరిచింది జనసమూహాల మధ్యనే కాదు. పేతురు ఇంట జ్వరంతో పడివున్న అత్తగారి మంచం దగ్గరికి వెళ్లి, చేయి పట్టుకుని లేపాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో చదువుతాం. జ్వరాన్ని ఆయన చిన్న జబ్బుగా చూడలేదు, ఆ ఇంటిని చిన్న చోటుగా చూడలేదు. మనకు అప్పగించిన పని చిన్నదిగా కనిపించినప్పుడు, అది మనం ఎంచుకున్న పనే కానప్పుడు కూడా, దేవుడు దానిలోనే మనల్ని తీర్చిదిద్దుతుండవచ్చు.

మా మాటలు విన్న ఆ యువతి వెంటనే ఏ జవాబూ ఇవ్వలేదు. మర్నాడు ఉదయం మాత్రం ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లింది. ఆమె కోసం, మన బస్తీల్లో ఇంటింటి జబ్బులనూ ఓపికగా చూస్తున్న డాక్టర్లందరి కోసం ఈ వారం ప్రార్థిద్దాం.