కచేరీ కాగితాలే పాఠాలయ్యాయి

డీఎస్సీకి చదువుతున్నారా? లేక ఏదైనా ఎడ్‌టెక్ కంపెనీలో కంటెంట్ డెవలపర్ పోస్టుకి అప్లై చేశారా? రెండు చోట్లా మిమ్మల్ని తేల్చే ప్రశ్న ఒకటే. ఈ క్లాసుకి, ఈ పిల్లలకి ఏ మెటీరియల్ ఎంచుకుంటారు, ఎందుకు? ఈ ప్రశ్నతో మూడు దశాబ్దాలు కుస్తీ పట్టిన మనిషి మన కడపలోనే పని మొదలుపెట్టారు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మీకు ఆయన డిక్షనరీ బ్రౌన్‌గానే తెలిసుంటారు. పాఠాలు తయారుచేసిన బ్రౌన్ సంగతి కూడా కాస్త వినండి.

1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండ్ చేరింది. హెయిలీబరీ కాలేజీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి తయారై, 1817లో మద్రాసులో దిగారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడప కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా పోస్టింగ్. అప్పుడు ఆయనకి 21 ఏళ్లు, అంటే మీలో చాలామంది బీటెక్ ఫైనలియర్‌లో ఉండే వయసు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అప్పటి తెలుగు చదువంతా కావ్యాల చుట్టూ, పాత వ్యాకరణాల చుట్టూ తిరిగేది. కచేరీలో వినపడే తెలుగు వేరు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల అప్పుడూ కడప జిల్లాలోవే. ఆ వైపు నుంచి శిస్తు కట్టలేనని మొర పెట్టుకునే రైతు గానీ, బాకీ రాలేదని వచ్చే వ్యాపారి గానీ ప్రబంధ భాషలో మాట్లాడరు కదా! సిలబస్ ఒకటి, జాబ్ ఇంకొకటి. మనకి తెలియని బాధేం కాదు ఇది.

1821లో కడపలో ఉచిత బడులు పెట్టారు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి బదిలీలు. 1824 ప్రాంతంలో వేమన పద్యాలు ఆయన కంట పడ్డాయి. పండితులు వాటిని పెద్దగా లెక్కచేసేవాళ్లు కాదు. బ్రౌన్ లెక్క వేరు. పద్యం చిన్నది, మాట తేలిక, జనం నోట్లో ఇంకా ఆడుతోంది. భాష నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి మెటీరియల్ ఏముంటుంది? 1829లో 693 పద్యాలు ఇంగ్లిష్ అనువాదంతో అచ్చేశారు. 1839 నాటికి అవి 1,164 అయ్యాయి.

పని చేసిన పద్ధతి చూస్తే ఇంజినీరింగ్ వాళ్లకి ముచ్చటేస్తుంది. ఒకే పుస్తకానికి వేర్వేరు ఊళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించేవారు. పద్యాలకు నంబర్లు వేయించి, ప్రతికీ ప్రతికీ తేడాలు రాయించి, పండితులతో కూర్చుని సరైన పాఠం తేల్చేవారు. గిట్‌లో మనం బ్రాంచ్‌లు మెర్జ్ చేస్తాం చూడండి, దాదాపు అదే. కడపలో బంగళా కొని పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నారు. జూలూరి అప్పయ్య లాంటి వాళ్లు లేకపోతే ఈ పని ముందుకు సాగేది కాదు, అది మర్చిపోకూడదు. జీతాలు బ్రౌన్ జేబులోంచే. చాలక అప్పులు కూడా చేశారు.

1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ ఇండియా హౌస్ లైబ్రరీలో ఉన్న తెలుగు రాతప్రతులు సర్దారు. 1838లో మళ్లీ మద్రాసు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు.

నాకు అన్నిటికంటే నచ్చింది, నిఘంటువు నీడలో మరుగునపడిన ఆయన తెలుగు రీడర్. అదీ 1852లోదే. అందులో ఉన్నవి కావ్యాలు కావు, ఉత్తరాలు. ఇంటి ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు కాగితాలు, రెవెన్యూ కాగితాలు. వాటికి ఇంగ్లిష్ అనువాదం, వ్యాకరణం వివరించే నోట్స్, చివర్లో చిన్న పదకోశం. అంటే రేపు ఆఫీసులో టేబుల్ మీదికి ఏ కాగితం వస్తుందో, ఈరోజు క్లాసులో అదే పాఠం. అలాంటి కాగితాల్లో ఉర్దూ, పారసీ మాటలు బోలెడుంటాయి. వాటిని తీసేసి భాషని శుభ్రం చేద్దామనుకోలేదాయన. అన్యదేశ్యాలకు విడిగా ఇంకో నిఘంటువే వేశారు, 1854లో.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ రీడర్ ఇక్కడికి వచ్చే దొరల కోసం చేసింది, ఊరి బడి పిల్లాడి కోసం కాదు. కాబట్టి దాన్ని యథాతథంగా తెచ్చి మన క్లాసులో పెడితే పనికిరాదు. తీసుకోవాల్సింది ఆయన వేసుకున్న వరస: ముందు నేర్చుకునే మనిషి ఎవరు, తర్వాత అతను చేయబోయే పని ఏంటి, ఆ తర్వాతే పుస్తకం.

రేపు పులివెందులలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి నిష్పత్తులు డెమో చెప్పమన్నారనుకోండి. గైడులోని లెక్క బోర్డు మీద ఎక్కించే బదులు చీనీకాయల ధర, అరటి గెలల లెక్క తీసుకోండి. అదే ప్రొద్దుటూరైతే బంగారం అంగళ్లున్నాయి, తులానికి ఎన్ని గ్రాములో పిల్లలే చెప్తారు. తర్వాత ఆ లెక్కకి గైడులాగే మెట్లు వేయండి, తేలిక నుంచి కష్టానికి. స్థానిక ఉదాహరణ చెప్పి అక్కడే ఆగిపోతే అది కబుర్లే అవుతుంది. బ్రౌన్ కూడా ఉత్తరం ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు, నోట్సూ పదకోశమూ జతచేశారు.

ఉద్యోగం వదిలి లండన్ చేరాక కూడా ఆయన ఖాళీగా లేరు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట, ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన గ్రంథాలయం ఇప్పుడు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కోచింగ్ కోసమో, పరీక్ష సెంటర్ కోసమో కడప బస్సెక్కినప్పుడు ఒక గంట అక్కడ దిగి చూడండి.