తోటి గన్నర్ కోసం మంటల్లోకి.. ఎవరీ ఆండ్రూ మినార్‌స్కీ?
కెనడాలోని విన్నిపెగ్‌లో 1916లో పుట్టిన ఆండ్రూ మినార్‌స్కీ.. రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ గన్నర్. విమానం పైభాగంలోని గన్ టరెట్‌లో అతడి డ్యూటీ. తోక టరెట్‌లో స్నేహితుడు ప్యాట్ బ్రోఫీ. 1944 జూన్‌లో ఓ రాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే మీద దాడికి వెళ్తుండగా జర్మన్ ఫైటర్ కాల్పులతో విమానానికి నిప్పంటుకుంది. ఎడమవైపు ఇంజన్లు ఆగి, హైడ్రాలిక్ పవర్ పోవడంతో తోక టరెట్ బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే హ్యాండిల్ కూడా విరిగింది. బ్రోఫీ లోపలే ఇరుక్కుపోయాడు. దూకేసే ఛాన్స్ ఉన్నా మినార్‌స్కీ మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లి టరెట్‌ను గొడ్డలితో కొట్టాడు. కదల్లేదు. వెళ్లిపొమ్మని బ్రోఫీ సైగ చేయడంతో సెల్యూట్ కొట్టి దూకాడు. అప్పటికే బట్టలు, పారాచూట్ అంటుకున్నాయి. కాలిన గాయాలతో 27 ఏళ్లకే ప్రాణాలు విడిచాడు. అయితే కూలిన విమానం నుంచి బ్రోఫీ మాత్రం బతికి బయటపడ్డాడు! అతడు చెప్పాకే ఈ సాహసం లోకానికి తెలిసింది. 1946లో మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ దక్కింది.