రాత్రి రోడ్డుకు కళ్లు పెట్టిన షా

రాత్రి పదకొండు దాటాక అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు బండి మీద వెళ్లారా ఎప్పుడైనా? పగలంతా అంగుళం ఖాళీ లేని రోడ్డు అప్పటికి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. పైన మెట్రో లైను, మధ్యలో స్తంభాలు. వాన పడిందంటే ఇక చెప్పక్కర్లేదు, రోడ్డు మీది తెల్ల గీతలు తడిలో కలిసిపోతాయి. అలాంటప్పుడు బండి లైటు పడగానే వరసగా మెరిసే చిన్న చిన్న చుక్కలే దారి చూపిస్తాయి. ఇంజినీర్లు వాటిని రోడ్ స్టడ్స్ అంటారు. ఇంగ్లండ్‌లో జనం క్యాట్స్ ఐస్, అంటే పిల్లి కళ్లు అని పిలుస్తారు. మామూలు రకం స్టడ్‌లో కరెంటు ఉండదు, బ్యాటరీ ఉండదు. మన బండి వెలుగునే మన కళ్లకు తిప్పి పంపిస్తుంది, అంతే.

ఇలాంటి చుక్కను చక్రాల కింద ఏళ్ల తరబడి నిలబడేలా చేసినవాడు పెర్సీ షా. పదమూడేళ్లకే బడి మానేసిన మిల్లు కుర్రాడు. ఆయనకు పేరు తెచ్చిన పని మొదలయ్యేసరికి వయసు నలభై దాటింది. ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు చేస్తూ, ఇంతకీ నా దారి ఏదని బెంగపడుతున్న వాళ్లు ఆయన జీవితం ఒకసారి చూడాలి.

ఒకటి పట్టి, ఒకటి వదిలి

షా 1890 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, హాలిఫాక్స్ పట్టణంలో పుట్టాడు. అది ఉన్ని మిల్లుల ఊరు. తండ్రి జేమ్స్ మిల్లులో రంగులు అద్దే చోట కూలీ. వారానికి ఒక పౌండు జీతం, ఇంటి నిండా పిల్లలు. పెర్సీకి రెండేళ్లప్పుడు కుటుంబం అదే పట్టణంలోని బూత్‌టౌన్‌కు మారింది. ఆ ఇంట్లోనే ఆయన చివరిదాకా ఉన్నాడు.

పదమూడేళ్లకు బడి ముగిసింది. దుప్పట్ల మిల్లులో నూలు కండెలు మోసే పనిలో చేరాడు. పగలు పని, రాత్రి చదువు. రాత్రి బడిలో షార్ట్‌హ్యాండ్, లెక్కలు రాయడం నేర్చుకున్నాడు. ఆ కాలానికి అవే ఆఫీసు ఉద్యోగానికి మెట్లు. మన అమీర్‌పేటలో ట్యాలీ, టైపింగ్ నేర్చుకున్నట్టే అనుకోండి. కానీ లెక్కల పుస్తకాల ముందు కూర్చోవడం ఆయనకు పడలేదు. ఇనుప తీగ లాగే పనిలో అప్రెంటిస్‌గా చేరాడు. జీతం చాలక అదీ వదిలేశాడు. తర్వాత వెల్డింగ్, బాయిలర్ల తయారీ, యంత్ర పరికరాల పని... చిన్న చిన్న వర్క్‌షాపుల్లో ఒకటి పట్టి, ఒకటి వదిలి తిరిగాడు.

ఇప్పటి హెచ్‌ఆర్ వాళ్ల ముందు ఆ రెజ్యూమె పెడితే ఏమంటారో మీకు తెలుసు. ఎక్కడా నిలకడ లేదంటారు. ఇంట్లోవాళ్లూ అదే మాట అంటారు. నిజానికి ఆ తిరుగుడులో ఆయన చేతికి లోహం అలవాటైంది, అచ్చుపోత అలవాటైంది, ఏ వస్తువు ఎక్కడ అరుగుతుందో, ఎందుకు విరుగుతుందో కంటికి తెలిసింది. ఆ సంగతి అప్పటికి ఆయనకూ తెలిసి ఉండదు.

కొన్నాళ్లకు తండ్రీ కొడుకులిద్దరూ కలిసి చిన్న యంత్రాలు బాగుచేసే పని పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తూటాల తొడుగుల వంటివి తయారు చేశారు. 1929లో తండ్రి చనిపోయాడు. షా అప్పుడు మరో పనిలోకి దిగాడు. ఇళ్ల ముందు బాటలు, కార్లు వెళ్లే దారులు తారుతో వేసే కాంట్రాక్టు. పెద్ద రోలర్లు ఆ ఇరుకు చోట్లలో పట్టవు. అందుకని పాత ఫోర్డ్ ఇంజను, లారీ చక్రాలు జోడించి సొంతంగా చిన్న రోలర్ తయారు చేసుకున్నాడు. పనికి తగ్గ పనిముట్టు దొరక్కపోతే చేసుకోవడమే ఆయన పద్ధతి. రోడ్డును పైనుంచి చూసే అధికారిగా కాదు, తారు పోసి తొక్కించే మనిషిగా తెలుసుకున్నాడు.

పొగమంచులో పిల్లి

హాలిఫాక్స్ చుట్టుపక్కలంతా గుట్టలు, మలుపులు. పొగమంచు దిగితే ముందు చక్రం కూడా కనిపించదు. ఆ రోజుల్లో డ్రైవర్లు ట్రామ్ పట్టాలను నమ్ముకునేవాళ్లు. నున్నగా అరిగిన ఉక్కు మీద లైటు పడి మెరిసేది, ఆ మెరుపు వెంట బండి పోనిచ్చేవాళ్లు. 1933లో ఒక రాత్రి షా కారులో ఇంటికి వస్తుంటే ఒక చోట ఆ మెరుపు కనిపించలేదు. పట్టాలు తీసేశారు. ఒక పక్క లోయ. అంతలో పక్కనున్న కంచె మీద కూర్చున్న పిల్లి కళ్లు తళుక్కున మెరిశాయి, ఆయన బ్రేకు వేశాడు. ఇది లోకమంతా చెప్పుకునే కథ. దారి పక్క బోర్డుల్లో మెరిసే గాజు బిళ్లలను చూసి, ఇవి రోడ్డు మీదే ఉంటే ఎంత బాగుండునని అనిపించిందన్నది ఇంకో కథ. రెండూ షా చెప్పినవే అంటారు.

ఏ కథ నిజమైనా ఒక విషయం మాత్రం ఖాయం. మెరిసే గాజు ఆయన కనిపెట్టింది కాదు. వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే గాజు కటకానికి రిచర్డ్ హాలిన్స్ మర్రే అనే అకౌంటెంట్ 1927లోనే పేటెంట్ తీసుకున్నాడు. మరి షా చేసిందేమిటి? ఆ గాజును టన్నుల బరువున్న లారీ తొక్కే చోట బతికించడం. గోడ మీద గాజును మెరిపించడం తేలిక. చక్రం కింద, బురదలో, మంచులో ఏడాది తర్వాత కూడా మెరిపించడం వేరే పని. ఆలోచన ఒక రాత్రిలో వచ్చి ఉండొచ్చు, ఈ పనికి మాత్రం నెలల తరబడి ప్రయత్నాలు పట్టాయి.

ఆయన పరిష్కారం ఇలా ఉంటుంది. రోడ్డులో గుంట తవ్వి, పోత ఇనుముతో చేసిన డొప్పను బిగిస్తారు. దాని లోపల మెత్తటి రబ్బరు దిమ్మె. ఆ దిమ్మెలో అటు రెండు, ఇటు రెండు గాజు కళ్లు. చక్రం ఎక్కగానే రబ్బరు లోపలికి నొక్కుకుపోతుంది, బరువంతా ఇనుప డొప్ప మోస్తుంది. గాజుకు దెబ్బ తగలదు. అంతేకాదు, కళ్లు లోపలికి దిగేటప్పుడు రబ్బరు అంచు వాటిని తుడుస్తుంది. డొప్ప అడుగున నిలిచిన వాన నీరు ఆ తుడుపుకు పనికొస్తుంది. మనం రెప్ప వేసినట్టే అన్నమాట. ఏ చక్రం వల్ల స్టడ్ పాడవ్వాలో, ఆ చక్రమే దాన్ని శుభ్రం చేస్తుంది. బాయిలర్ల దగ్గర, తారు దగ్గర పనిచేసిన చేతికే ఇలాంటిది తట్టడంలో ఆశ్చర్యం లేదు.

కంపెనీ పెట్టాక అసలు కష్టం

1934లో పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడాది బ్రాడ్‌ఫర్డ్ దగ్గర డ్రిగ్లింగ్టన్ కూడలిలో యాభై స్టడ్లు బిగించారు. 1935 మార్చిలో రిఫ్లెక్టింగ్ రోడ్‌స్టడ్స్ లిమిటెడ్ అనే కంపెనీ మొదలైంది. ఇక డబ్బే డబ్బు అనుకుంటున్నారా? కాదు. ఆర్డర్లు నత్తనడకన వచ్చాయి. రోడ్లు సర్కారువి, కాబట్టి సర్కారు ఒప్పుకోవాలి. 1937లో రవాణా శాఖ రకరకాల తయారీదార్ల స్టడ్లను ఒకే రోడ్డులో బిగించి పరీక్ష పెట్టింది. రెండేళ్ల తర్వాత చూస్తే మిగతావి చెడిపోయాయి, షావి పనిచేస్తూనే ఉన్నాయి. ఇంటర్వ్యూ పదినిమిషాల్లో అయిపోయిందని బాధపడేవాళ్లు గమనించండి, ఆయన ఇంటర్వ్యూ రెండేళ్లు నడిచింది. అదీ లారీల కింద.

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రు విమానాలకు కనిపించకుండా బ్రిటన్‌లో వీధి దీపాలు ఆర్పేశారు, కార్ల లైట్లకు ముసుగులు వేశారు. చీకట్లో ప్రమాదాలు పెరిగాయి. కరెంటు అక్కర్లేని ఆ చుక్క విలువ అందరికీ తెలిసొచ్చింది. యుద్ధం అయ్యాక రవాణా శాఖలో జూనియర్ మంత్రిగా ఉన్న జేమ్స్ కాలహన్ వీటిని దేశమంతా వేయించడానికి పట్టుబట్టారు. ఆ తర్వాతి కాలంలో ఆయన బ్రిటన్ ప్రధాని కూడా అయ్యారు.

షాకు డబ్బు వచ్చింది, 1965లో ఓబీఈ గౌరవం వచ్చింది. మనిషి మాత్రం మారలేదు. పెళ్లి చేసుకోలేదు. రోల్స్‌రాయిస్ కొన్నాడు గానీ, ఇంటికి కర్టెన్లు, తివాచీలు వద్దన్నాడు. మూడు నాలుగు టీవీలు ఒకేసారి వేరువేరు చానళ్లతో నడిచేవి. 1976 సెప్టెంబర్ 1న, చిన్నప్పుడు వచ్చిన అదే బూత్‌టౌన్ ఇంట్లో కన్నుమూశాడు.

మేకు నుంచి ఎపాక్సీ దాకా

షా వాడిన ఇనుప డొప్పకు రోడ్డు లోతుగా తవ్వాలి. ఇప్పుడు మన నగరాల్లో ఎక్కువగా కనిపించేవి ప్లాస్టిక్, అల్యూమినియం స్టడ్లు. వీటిని బిగించే పద్ధతి వేరు. ముందు కోన్లు పెట్టి ట్రాఫిక్ మళ్లిస్తారు. తాడు లాగి సుద్దతో గుర్తు పెడతారు. కింద కాళ్లున్న స్టడ్ అయితే డ్రిల్లింగ్ మెషీన్‌తో ఆ కాళ్లకు సరిపడా రంధ్రాలు వేస్తారు. బ్లోయర్‌తో దుమ్ము ఊదేస్తారు. రెండు భాగాల ఎపాక్సీ జిగురు కలిపి, రంధ్రం నింపి, స్టడ్‌ను నొక్కుతారు. అది గట్టిపడేదాకా బండి ఎక్కనివ్వకూడదు. వినడానికి చిన్న పని. కానీ దుమ్ము మిగిలినా, తడి ఉన్నా, తొందరపడి ట్రాఫిక్ వదిలినా కొన్నాళ్లకే స్టడ్ ఊడిపోతుంది.

ఈ జిగురు వెనకా ఒక మనిషి ఉన్నాడు. అమెరికాలో కాలిఫోర్నియా రహదారుల శాఖలో పనిచేసిన కెమిస్ట్ ఎల్బర్ట్ బాట్స్. గీతలు వానలో కనిపించడం లేదని 1950ల్లో గుండ్రటి బిళ్లల మీద ఆయన బృందం పరిశోధన చేసింది. మొదట మేకులతో కొట్టారు. బిళ్లలు ఊడి మేకులు పైకి తేలి టైర్లు పంక్చరయ్యాయి. చివరికి ఎపాక్సీతో అతికించడం కుదిరింది. బాట్స్ 1962లో చనిపోయారు. ఆ బిళ్లలు రాష్ట్రమంతా వేయాలని నిర్ణయం అయింది 1966లో. తన పేరుతో పిలిచే బాట్స్ డాట్స్ అంతగా పరుచుకోవడం ఆయన చూడనే లేదు.

మీకు ఇందులో ఏముంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. ఇది కేంద్ర రవాణా శాఖ చెప్పిన లెక్క. స్టడ్ ఒక్కటే వాళ్లందరినీ కాపాడేది కాదు. అయితే రోడ్డు భద్రత అనేది ఒక పెద్ద పని రంగమని ఆ అంకె చెబుతోంది. సివిల్ వాళ్లు గేట్ రాసి ఎన్‌ఐటీ వరంగల్ లాంటి చోట ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయొచ్చు. రోడ్డు గీతలు, స్టడ్ల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఐఆర్‌సీ:35, సేఫ్టీ ఆడిట్ గురించి ఐఆర్‌సీ ఎస్‌పీ:88 చదవండి. ఢిల్లీలోని సీఆర్‌ఆర్‌ఐ రోడ్ సేఫ్టీ ఆడిట్‌లో శిక్షణ ఇస్తుంది. ఏఈ, ఏఈఈ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ అంశాలు ఎలాగూ అక్కరకొస్తాయి. కెమిస్ట్రీ, పాలిమర్స్ వాళ్లకు జిగుర్లు, రంగులు ఉన్నాయి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు బిగించే యంత్రాల పని ఉంది.

షా జీవితంలో అదృష్టం లేదనలేం. యుద్ధం రాకపోతే ఆయన స్టడ్‌కు అంత గిరాకీ అంత త్వరగా వచ్చేది కాదేమో. కానీ గిరాకీ వచ్చిన రోజుకు చేతిలో సరుకు సిద్ధంగా ఉంది. అది ఆయన కష్టం. మిల్లు, తీగ, బాయిలర్, తారు... అప్పుడు దండగ అనిపించిన ఏ పనీ చివరికి దండగ కాలేదు.

ఈసారి పంజాగుట్ట వైపు వెళ్లినప్పుడు, బండి పక్కన ఆపి ఫుట్‌పాత్ మీద నుంచే చూడండి. వరసలో ఎక్కడో ఒక చుక్క మెరవదు. స్టడ్ ఊడి, ఖాళీ రంధ్రాలు మిగిలి ఉంటాయి. అది ఎందుకు ఊడిందో ఆలోచించండి. దుమ్మా, తడా, జిగురా, తొందరా? షా మొదలుపెట్టింది కూడా అలాంటి ప్రశ్న దగ్గరే.