ఒక భాగాహారం తేల్చిన నిజం

లియొనార్డ్ ఆయిలర్ 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. కొడుకూ అదే వృత్తిలోకి రావాలని ఆయన కోరిక. కుర్రవాడికి లెక్కల్లో ఉన్న పట్టు చూసి, యోహాన్ బెర్నూలీ అనే గణితాచార్యుడు తండ్రికి నచ్చజెప్పారు. ఇరవై ఏళ్ల వయసులో, 1727లో, ఆయిలర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు.

1729లో మిత్రుడు గోల్డ్‌బాక్ ఉత్తరం రాస్తూ ఒక పాత ప్రశ్న అడిగారు. అంతకు తొంభై ఏళ్ల ముందు ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే గొప్ప గణితవేత్త 3, 5, 17, 257, 65,537 అనే వరుస రాశారు. 1, 2, 4, 8, 16 రెండ్లను వరుసగా గుణించి, ఒకటి కలిపితే ఇవి వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి ఆ తర్వాత వచ్చేవీ ప్రధాన సంఖ్యలే అని ఫెర్మా నమ్మారు. నిరూపణ మాత్రం దొరకలేదు. వరుసలో ఆరోది 32 రెండ్ల లబ్ధానికి ఒకటి కలిపిన సంఖ్య: 4,29,49,67,297. నాలుగు వందల కోట్ల పైమాట!

దాన్ని భాగించి చూడాలంటే ఆరు వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో ప్రయత్నించాలి. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందనీ, భాగఫలం 67,00,417 అనీ 1732లో ఆయిలర్ చూపించారు. ఆ సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకమూ 64 గుణిజానికి ఒకటి కలిపినదే అయి ఉండాలని తర్వాత నిరూపించారు. అలా చూస్తే ప్రయత్నించవలసినవి 193, 257, 449, 577, 641. అయిదోదానికే చిక్కు వీడుతుంది.

1738 ప్రాంతంలో ఆయిలర్‌కు కుడికన్ను చూపు పోయింది. పాతికేళ్లు బెర్లిన్‌లో పనిచేసి, 1766లో తిరిగి రష్యాకు వచ్చారు. రెండో కన్నూ మసకబారింది. 1771లో ఇల్లు కాలిపోయింది. అయినా మనసులోనే లెక్క కట్టుకుని, కొడుకులకూ శిష్యులకూ చెప్పి రాయించేవారు. 2,14,74,83,647 ప్రధాన సంఖ్యే అని 1772లో ప్రకటించింది ఆ చూపులేని స్థితిలోనే. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అదే పెద్దది. 1783లో పీటర్స్‌బర్గ్‌లోనే కన్నుమూశారు.

మాతృభాషలో లెక్కలు నేర్చుకుంటే పిల్లలు వెనకబడతారేమోనని మన తల్లిదండ్రులు కొందరు దిగులు పడుతుంటారు. ఆయిలర్ జర్మన్ మాట్లాడే ఊళ్లో పుట్టి, లాటిన్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ రాసి, రష్యాలో బతికారు. 641 ఏ భాషలోనైనా 641 గానే ఉంది. భాగాహారం, శేషం, కారణాంకం అనే మాటలు మన పిల్లలకు తెలుసు. ఇంకేం కావాలి?

ఈ వారం నల్లబల్ల మీద ఆ పెద్ద సంఖ్య రాద్దాం. అయిదుగురు పిల్లలకు అయిదు భాజకాలు పంచుదాం. జవాబు ముందే చెప్పకుండా ఆగుదాం. నలుగురికి శేషం మిగులుతుంది, ఒకరికి సున్నా వస్తుంది. పెద్దలు చెప్పిన మాటనైనా మర్యాదగా సరిచూసుకోవచ్చని ఆ సున్నాయే వాళ్లకు నేర్పుతుంది.